అంచున ఉండాల్సిన ప్రొటీన్ కేంద్రకంలోకి చేరితే: పెద్దపేగు క్యాన్సర్‌లో కణ నిర్మాణ ప్రొటీన్లు

పెద్దపేగు నుంచి తీసిన ముక్కను బయాప్సీకి పంపితే, తిరిగొచ్చే రిపోర్టులో కొన్నిసార్లు ఇలాంటి వాక్యం ఒకటి కనిపిస్తుంది: సీకే20 పాజిటివ్, సీకే7 నెగటివ్, సీడీఎక్స్2 పాజిటివ్. మెడిసిన్ చదువుతున్న మేనల్లుడికో, అమెరికాలో ఉన్న చెల్లెలికో వాట్సాప్‌లో ఫొటో పంపి "ఇదేంటో కాస్త చూసి చెప్పు" అని జనం అడిగేది ఎక్కువగా ఈ వాక్యం గురించే. సీకే అంటే సైటోకెరటిన్. మన జుట్టులో, గోళ్లలో ఉండే కెరటిన్‌కు దాయాది. కణం లోపల సన్నటి తాళ్లుగా అల్లుకుని దాన్ని నిలబెట్టే ప్రొటీన్. సీడీఎక్స్2 పేగు కణాలను గుర్తుపట్టించే ఇంకో ప్రొటీన్.

కణానికి ఆకారం ఇచ్చి, పక్క కణంతో కలిపి ఉంచే ఇలాంటి వాటన్నిటినీ నిర్మాణ ప్రొటీన్లు అంటారు. పాఠ్యపుస్తకాల్లో వీటికి దక్కేది ఒక బొమ్మ, రెండు పేరాలు. క్యాన్సర్ అనగానే చర్చంతా రాస్, పీ53 లాంటి జన్యువుల మీదికి పోతుంది. నిర్మాణ ప్రొటీన్ల ప్రస్తావన వచ్చినా, కణాల మధ్య పట్టు సడలి క్యాన్సర్ కణం ఊడిపోయి వేరే అవయవానికి చేరుతుందన్న ఒక్క ముక్కతో సరిపెడతారు. వ్యాధి ముదిరాక, ఆఖరి అంకంలో వచ్చే చిన్న పాత్రలన్నట్టు.

పెద్దపేగు విషయంలో ఇది తలకిందులుగా చెప్పిన కథ. ఇక్కడ అత్యధికుల్లో మొట్టమొదట గాడి తప్పేదే బీటా-కెటెనిన్ అనే ఒక నిర్మాణ ప్రొటీన్. పేగు గోడ మీద కంటికి ఆనే పాలిప్, అంటే చిన్న కండ మొలక, కూడా లేనప్పుడే అది మొదలవుతుంది. 2022లో ప్రపంచం మొత్తమ్మీద దాదాపు 19 లక్షల మందికి కొత్తగా వచ్చి, 9 లక్షల మందికి పైగా ప్రాణాలు తీసిన జబ్బు ఇది. దాని మొదటి అడుగు ఎక్కడ పడుతుందో అర్థమైతే, రిపోర్టులోని పదాలూ, ఆపరేషన్ తర్వాత చేసే సీఈఏ అనే రక్తపరీక్షా, కొన్ని మందులు పనిచేయకపోవడమూ అన్నీ ఒకదానికొకటి అతుకుతాయి.

ఒక్క కణం మందం

పెద్దపేగు లోపలి గోడ మీద మలాన్ని నేరుగా తాకే పొర మందం ఒకే ఒక్క కణం. ఆ పొర నున్నగా ఉండదు. లక్షల సంఖ్యలో సన్నటి గుంటలుగా లోపలికి దిగి ఉంటుంది. వీటిని క్రిప్టులు అంటారు. గుంట అడుగున మూలకణాలుంటాయి. అవి విభజన చెందుతూ కొత్త కణాలను పుట్టిస్తాయి. కొత్త కణాలు గుంట గోడ వెంట పైకి జరుగుతూ, మధ్యలో ఎక్కడో విభజన ఆపి, నీటిని పీల్చే కణంగానో జిగురు స్రవించే కణంగానో మారి, అంచుకు చేరి, రాలిపోతాయి. పుట్టుక నుంచి రాలడం దాకా వారం రోజుల లోపే. ఈ తొందరపాటులో ఒక రక్షణ ఉంది. జన్యువులో ఏదైనా తప్పు దొర్లిన కణం కూడా నాలుగు రోజులు తిరక్కుండా మలంలో కొట్టుకుపోతుంది. తప్పు చేసిన కణం క్యాన్సర్‌గా మారాలంటే ముందు అది రాలిపోకుండా ఉండిపోవాలి.

ఈ పొర ముందున్న పని చూడండి. ఒకపక్క కోటానుకోట్ల బ్యాక్టీరియా లోపలికి రాకుండా, పేగు ముడుచుకున్నప్పుడల్లా చిరిగిపోకుండా గట్టిగా ఉండాలి. ఇంకోపక్క అందులోని ప్రతి కణమూ నిరంతరం పైకి జరుగుతూనే ఉండాలి. పట్టూ వదలకూడదు, కదలికా ఆగకూడదు. దీన్ని సాధించేది నిర్మాణ ప్రొటీన్లే.

కణం లోపల మూడు రకాల పోగులున్నాయి. మొదటివి కెరటిన్లు. మట్టిగోడ పగుళ్లివ్వకుండా బంకమట్టిలో కలిపే వరిగడ్డిలా ఇవి లాగుడు బలాన్ని తట్టుకుంటాయి. పెద్దపేగులో ముఖ్యంగా 8, 18, 19, 20 నంబర్లవి ఉంటాయి. వీటి పని మోయడమొక్కటే అనుకోవడానికి వీల్లేదని 1994లోనే తేలింది. కెరటిన్ 8 లేకుండా పెంచిన ఎలుకల్లో పెద్దపేగు పొర చిరిగిపోవాల్సింది పోయి, వాచి, మామూలుకన్నా మందంగా పెరిగింది. రెండోది యాక్టిన్. కణం పైపొర కింద వలలా పరుచుకుని ఆకారాన్నీ కదలికనూ చూసుకుంటుంది. మూడోవి మైక్రోట్యూబుల్స్. కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోములను చెరోవైపుకీ లాగేవి ఇవే.

ఇక కణానికీ కణానికీ మధ్య. అన్నిటికన్నా పైన క్లాడిన్లు కుట్లు వేసినట్టు సందును మూసేస్తాయి. దాని కిందే ఉంటుంది ఈ వ్యాసానికి అసలు రంగస్థలమైన చోటు. అక్కడ ఈ-క్యాడ్హెరిన్ అనే ప్రొటీన్ రెండు కణాల నుంచీ బయటికి చాచుకుని, ఎదురుగా ఉన్న తన జోడీని పట్టుకుంటుంది. క్యాల్షియం ఉంటేనే ఈ పట్టు నిలుస్తుంది, తీసేస్తే కణాలు విడివిడిగా రాలిపోతాయి. ఈ కుటుంబాన్ని వెలికితీసినవాడు జపాన్ శాస్త్రవేత్త మసతోషి తకెయిచి. అయితే ఈ-క్యాడ్హెరిన్ ఒక్కటే ఉంటే పట్టు పైపైనే మిగిలిపోతుంది. దాని లోపలి కొనను యాక్టిన్ వలకు కట్టాలి. ఆ కట్టు కట్టే ప్రొటీన్లను జర్మనీలో రోల్ఫ్ కెమ్లర్ బృందం 1989లో గుర్తించి కెటెనిన్లని పేరు పెట్టింది. ఆల్ఫా, బీటా, గామా. అప్పటికి అవి కేవలం కట్టు ప్రొటీన్లు.

ఈగ రెక్కల నుంచి వచ్చిన ఆధారం

బీటా-కెటెనిన్‌కు ఇంకో పని ఉందని తెలిసింది పేగు నుంచి కాదు, పండ్ల మీద వాలే ఈగ నుంచి. ఈ భాగంలో మనవాళ్ల పాత్ర ఒకటుంది, అదెందుకో మన సైన్సు రాతల్లో పెద్దగా వినిపించదు. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థలో ఆర్.పి. శర్మ 1973లో రెక్కలు లేని ఈగల మ్యుటేషన్ (జన్యువులో మార్పు) ఒకదాన్ని నమోదు చేశారు. పేరు వింగ్‌లెస్. 1976లో వి.ఎల్. చోప్రాతో కలిసి దాన్ని వివరంగా ప్రచురించారు. ఆ తర్వాత 1982లో రోల్ నుస్సే, హరాల్డ్ వార్మస్ ఎలుకల రొమ్ము క్యాన్సర్‌లో ఇంట్1 అనే జన్యువును పట్టుకున్నారు. 1987కల్లా తేలిందేమంటే, ఢిల్లీ ఈగల జన్యువూ ఎలుక క్యాన్సర్ జన్యువూ ఒకటే. రెండు పేర్లూ కలిపేసి ఆ కుటుంబాన్నంతా వింట్ అని పిలవడం మొదలైంది.

వింట్ అంటే కణాలు ఒకదానికొకటి పంపుకునే కబురు. పిండంలో ఏ అవయవం ఎటు పెరగాలో చెప్పే కబురు. ఈగలో ఆ కబురును లోపలికి మోసేది ఆర్మడిల్లో అనే ప్రొటీన్. కెటెనిన్ల క్రమాన్ని చదివినప్పుడు బయటపడిన సంగతి అందరినీ కాసేపు నిలబెట్టేసింది: ఈగ ఆర్మడిల్లో, మనిషి బీటా-కెటెనిన్ ఒకటే ప్రొటీన్. కణాల మధ్య కట్టు కట్టేదే కబురు కూడా మోస్తోంది.

అది మోసే తీరు ఇది. కణంలో బీటా-కెటెనిన్ ఎప్పుడూ తయారవుతూనే ఉంటుంది. కొంత అంచుకు పోయి ఈ-క్యాడ్హెరిన్‌ను అంటుకుని స్థిరపడుతుంది. అంచున చోటు దొరకని మిగతాదాన్ని కణం వెంటవెంటనే నాశనం చేస్తుంది. ఆ పనికి ఏపీసీ, యాక్సిన్ అనే రెండు ప్రొటీన్లు కలిసి ఒక చట్రంగా ఏర్పడతాయి. అందులో చేరిన సీకే1, జీఎస్‌కే3 అనే ఎంజైములు బీటా-కెటెనిన్ మీద 45, 41, 37, 33 స్థానాల్లో వరసగా ఫాస్ఫేట్లు అతికిస్తాయి. ఈ సీకేకీ రిపోర్టులోని సీకేకీ చుట్టరికం లేదు, పేర్లు పెట్టేవాళ్లు అప్పుడప్పుడూ ఇలా చిక్కులు పెడతారు. ఫాస్ఫేట్లు అంటించుకున్న బీటా-కెటెనిన్‌ను కణంలోని ప్రొటియాసోమ్ అనే యంత్రం ముక్కలు చేసేస్తుంది.

బయటి నుంచి వింట్ కబురు వచ్చినప్పుడు ఈ చట్రం పని ఆగిపోతుంది. బీటా-కెటెనిన్ పోగుపడుతుంది, కేంద్రకంలోకి వెళ్తుంది, అక్కడ టీసీఎఫ్ అనే ప్రొటీన్‌తో జతకట్టి మిక్, సైక్లిన్ డీ1 లాంటి జన్యువులను తెరిపిస్తుంది. వాటి ఆజ్ఞ ఒకటే: విభజించు.

ఇప్పుడు క్రిప్టు దగ్గరికి రండి. వింట్ కబురు ఎక్కువగా అందేది గుంట అడుగున. పైకి పోయేకొద్దీ అది పలచబడుతుంది. అందుకే అడుగునున్న మూలకణం విభజన చెందుతుంది, పైకి జరిగిన కణం ఆపేస్తుంది. కణం ఏ మెట్టు మీదుందో దానికి చెప్పేది కేంద్రకంలో ఉన్న బీటా-కెటెనిన్ మోతాదే. చట్రం చెడిపోయిన కణానికి ఈ ఎరుక పోతుంది. గుంట అంచుకు చేరినా, వింట్ అందకపోయినా, తానింకా అడుగునే ఉన్నట్టు విభజన చెందుతూ పోతుంది. రాలాల్సిన రోజున రాలదు. పాలిప్ పుట్టుక ఇదే.

ఏపీసీ: పెద్ద ప్రొటీన్, సగంలో తెగినప్పుడు

చట్రంలోని ఏపీసీ మీద పరిశోధకుల చూపు పడ్డది ఈ వివరాలేవీ తెలియక ముందు. కొన్ని కుటుంబాల్లో యుక్తవయసుకల్లా పెద్దపేగు నిండా వందల నుంచి వేల పాలిప్‌లు పుడతాయి. వంశంలో వచ్చే ఈ జబ్బును ఎఫ్‌ఏపీ అంటారు. పేగు తీసేయకపోతే సగటున నలభై ఏళ్ల లోపే క్యాన్సర్ వస్తుంది, దాదాపు తప్పించుకునే వీలు లేకుండా. 1986లో ఇలాంటి వ్యాధి ఉన్న ఒక రోగిలో 5వ క్రోమోజోములో ఒక ముక్క లోపించిందని అమెరికా వైద్యుడు లెమ్యుయెల్ హెర్రెరా బృందం గమనించింది. ఎక్కడ వెతకాలో చెప్పింది ఆ ఒక్క రోగి క్రోమోజోమే. 1991లో బర్ట్ వోగెల్‌స్టీన్, కెన్నెత్ కింజ్లర్, రే వైట్, యుసుకే నకమురాల బృందాలు ఆ చోట ఏపీసీ జన్యువును పట్టుకున్నాయి. వంశంలో ఏ చరిత్రా లేకుండా వచ్చే పెద్దపేగు క్యాన్సర్లలో కూడా దాదాపు 80 శాతంలో ఇదే జన్యువు చెడి ఉందని తర్వాత తేలింది.

జన్యువు దొరికింది కానీ అది తయారుచేసే ప్రొటీన్ ఏం చేస్తుందో తెలియదు. 1993లో రెండు బృందాలు విడివిడిగా ఒకే జవాబు తెచ్చాయి: ఏపీసీ పట్టుకునేది బీటా-కెటెనిన్‌ను. ఇక 1997లో వోగెల్‌స్టీన్, హన్స్ క్లెవర్స్ బృందాలు ఏపీసీ చెడిన కణాల్లో బీటా-కెటెనిన్, టీసీఎఫ్ జోడీ ఆగకుండా పనిచేస్తోందని చూపించాయి. ఏపీసీ బాగానే ఉన్న కొన్ని గడ్డల్లో చూస్తే, బీటా-కెటెనిన్‌లోనే ఫాస్ఫేట్లు అంటుకునే స్థానాలు మారిపోయి ఉన్నాయి. పట్టేవాడు చెడినా పట్టుబడాల్సినవాడు మారినా ఫలితం ఒకటే. ఒక ఊహ నిజమని తేలడానికి ఇంతకన్నా శుభ్రమైన సాక్ష్యం జీవశాస్త్రంలో అరుదు.

ఇక్కడ ఆగితే ఏపీసీ ఒక కబురు ప్రొటీన్‌గానే మిగులుతుంది. కానీ దాని పొడవు 2843 అమైనో ఆమ్లాలు, చట్రం పని అందులో మధ్య భాగానిదే. చివరి భాగం మైక్రోట్యూబుల్స్‌ను పట్టుకుంటుంది, వాటి కొనలను స్థిరపరుస్తుంది. యాక్టిన్‌తో, కణానికి పైనా కిందా తేడా నిర్ణయించే ప్రొటీన్లతో కూడా దీనికి సంబంధాలున్నాయి. పెద్దపేగు క్యాన్సర్లలో మ్యుటేషన్లు గుంపుగా పడేది సుమారు 1286 నుంచి 1513 స్థానాల మధ్య. అక్కడ పడ్డ మ్యుటేషన్ వల్ల ప్రొటీన్ మారడం కాదు, అక్కడికక్కడే తెగిపోతుంది. ముందు సగం మిగులుతుంది, మైక్రోట్యూబుల్స్‌ను పట్టే వెనక సగం మొత్తం పోతుంది. 2001లో వచ్చిన రెండు పరిశోధనలు, ఏపీసీ తెగిన ఎలుక కణాలు విభజన సమయంలో క్రోమోజోములను సరిగ్గా పంచుకోలేకపోతున్నాయని చూపాయి. పెద్దపేగు గడ్డల్లో క్రోమోజోముల లెక్క తరచూ తప్పి ఉండటానికి ఇదెంతవరకు కారణమన్న వాదన ఇంకా తెగలేదు. నా వరకు, బీటా-కెటెనిన్‌దే పెద్ద వాటా అనిపిస్తుంది, వెనక సగం పోవడం దానికి తోడైన నష్టం.

ఇంకో వింత. ఏపీసీ మొత్తంగా మాయమైతే క్యాన్సర్‌కు మరీ మంచిది కదా? గడ్డలు అలా చేయవు. తెగిన ముక్కలో బీటా-కెటెనిన్‌ను పట్టే భాగాలు ఒకటో రెండో తరచుగా మిగిలే ఉంటాయి. కణంలో ఈ జన్యువుకున్న రెండు ప్రతుల్లో ఒకదానిలో ఎక్కువ భాగం పోతే, రెండోదానిలో కొంత మిగిలేలా తెగుతుంది. కేంద్రకంలో బీటా-కెటెనిన్ మరీ తక్కువైతే కణం పెరగదు, మరీ ఎక్కువైతే చచ్చిపోవచ్చు. వేల కణాల్లో ఏపీసీ రకరకాలుగా తెగితే, వాటిలో సరిపడా మోతాదు ఇచ్చినదే గడ్డగా ఎదిగి మన కంటబడుతుంది. నిర్మాణ ప్రొటీన్ ఉందా లేదా అన్నదానికన్నా ఎంత ఉంది, ఎక్కడుంది అన్నవే ఇక్కడ లెక్క.

పొట్టలో కథ వేరు

పట్టు సడలడమే క్యాన్సర్‌కు మూలమైతే ముందు చెడాల్సింది ఈ-క్యాడ్హెరిన్ కదా అని అడగొచ్చు. జీర్ణాశయంలో అలాగే జరుగుతుంది. న్యూజిలాండ్‌లో ఒక మావోరీ కుటుంబంలో తరతరాలుగా చిన్న వయసులోనే జీర్ణాశయ క్యాన్సర్‌తో చనిపోతుంటే, 1998లో పారీ గిల్‌ఫర్డ్ బృందం దానికి కారణం ఈ-క్యాడ్హెరిన్ జన్యువైన సీడీహెచ్1లో ఉందని తేల్చింది. ఆ క్యాన్సర్ గడ్డ కట్టదు. విడివిడి కణాలుగా జీర్ణాశయ గోడలోకి ఇంకిపోతుంది, అందుకే ఎండోస్కోపీకి కూడా సులువుగా చిక్కదు. రొమ్ములో లోబ్యులర్ రకంలోనూ అంతే.

పెద్దపేగులో ఈ-క్యాడ్హెరిన్ జన్యువు చెడటం అరుదు. ఇక్కడి క్యాన్సర్ చాలావరకు గొట్టాలు గొట్టాలుగా, అసలు పేగు పొరను వంకరగా అనుకరిస్తూ పెరుగుతుంది. పట్టు చాలాకాలం ఉంటుంది. పొట్టలో కట్టు తెగుతుంది, పేగులో కట్టు కట్టే ప్రొటీన్ దారి తప్పుతుంది. రెండింటినీ ఒకే గాటన కట్టి "కణాల జిగురు పోవడం వల్ల క్యాన్సర్" అని రాసేస్తే పాఠకుడికి రెండూ అర్థం కావు.

పాకడం, మళ్లీ పట్టుకోవడం

మరి పాకే దశలో? జర్మనీలో థామస్ బ్రాబ్లెట్జ్ బృందం గడ్డల కోతలను రంగు వేసి చూసినప్పుడు ఒక తిరకాసు కనిపించింది. గడ్డలోని అన్ని కణాల్లోనూ ఏపీసీ ఒకేలా చెడి ఉంది. అయినా గడ్డ మధ్యలో బీటా-కెటెనిన్ ఎక్కువగా కణాల అంచుల్లోనే ఉంది. చుట్టూ ఉన్న కండరంలోకి చొచ్చుకుపోతున్న ముందు వరసలో మాత్రం కేంద్రకాల్లో చేరింది. కాలేయంలో మొలిచిన గడ్డలో చూస్తే మళ్లీ మధ్యలో అంచుల్లోనే. జన్యువు మారలేదు, చోటును బట్టి ప్రొటీన్ నెలవు మారింది.

ముందు వరసలో జరిగేది ఇది. చుట్టూ ఉన్న కణజాలం నుంచి వచ్చే కబుర్లతో స్నెయిల్, జెబ్1 లాంటి ప్రొటీన్లు లేచి ఈ-క్యాడ్హెరిన్ తయారీని అణచేస్తాయి. స్నెయిల్ ఈ పని చేస్తుందని 2000లో స్పెయిన్ బృందాలు చూపాయి. ఈ-క్యాడ్హెరిన్ తగ్గితే అంచున పట్టుబడి ఉన్న బీటా-కెటెనిన్‌కు చోటు పోతుంది. దాన్ని నాశనం చేయాల్సిన చట్రం ఎలాగూ చెడింది కాబట్టి అది కేంద్రకం బాట పడుతుంది. అక్కడ తెరిపించే జన్యువుల్లో ఫాసిన్ ఒకటి. యాక్టిన్ పోగులను బిగువైన కట్టలుగా చేసి, కణం ముందుకు వేళ్లలా పొడుచుకొచ్చేలా చేసే నిర్మాణ ప్రొటీన్ ఇది. మామూలు పెద్దపేగు పొరలో ఇది ఉండదు. ఒక నిర్మాణ ప్రొటీన్ కేంద్రకంలో కూర్చుని ఇంకో నిర్మాణ ప్రొటీన్‌ను పిలిపిస్తోంది. ఎల్1క్యామ్ కూడా ఇలాగే ముందు వరసలో కనిపిస్తుంది. నరాల పెరుగుదలకు వాడే ఈ అతుకుడు ప్రొటీన్, పక్క కణాలతో సంబంధం తెగిన క్యాన్సర్ కణానికి బతికి మళ్లీ గడ్డ కట్టే శక్తినిస్తుందని 2020లో జోన్ మసాగే బృందం చూపింది.

కాలేయం చేరాక ఈ-క్యాడ్హెరిన్ తిరిగి వస్తుంది, గొట్టాలు మళ్లీ కట్టుకుంటాయి. చాలా కణాలైతే పూర్తిగా విడిపోకుండా గుంపుగానే ప్రయాణిస్తాయి. అంటే పట్టును శాశ్వతంగా వదిలేసుకున్న కణానికన్నా, అవసరాన్ని బట్టి వదలడమూ పట్టుకోవడమూ తెలిసిన కణమే ఎక్కువ ప్రమాదకరం.

విమెంటిన్ గురించి ఒక జాగ్రత్త చెప్పి ముందుకు పోదాం. ఇది బంధక కణజాలంలో ఉండే పోగు ప్రొటీన్. గడ్డలో ఇది ఎక్కువ కనిపిస్తే క్యాన్సర్ కణాలు పాకే రూపం ఎత్తాయని రాసేస్తారు. 2015లో పెద్దపేగు క్యాన్సర్లను జన్యువుల పనితీరును బట్టి నాలుగు రకాలుగా విడగొట్టినప్పుడు, నాలుగో రకంలో ఈ గుర్తులు ఎక్కువగా ఉన్నాయి, ఆ రోగుల పరిస్థితీ అధ్వానంగా ఉంది. అదే ఏడాది వచ్చిన ఇతర పరిశోధనలు లోపలికి తొంగిచూస్తే, ఆ గుర్తుల్లో చాలా భాగం క్యాన్సర్ కణాలవి కావు. గడ్డ చుట్టూ చేరి కొల్లాజెన్ నేసే ఫైబ్రోబ్లాస్టులవి. గడ్డ ముక్కను మొత్తంగా నూరి కొలిస్తే ఎవరి ప్రొటీన్ ఎవరిదో తెలియదు.

బ్యాక్టీరియాకు తెలిసిన చోటు

పేగులో తిష్ఠవేసిన కొన్ని సూక్ష్మజీవులు ఈ కట్టు ఎక్కడుందో మనకన్నా ముందే కనిపెట్టాయి. బ్యాక్టీరాయిడ్స్ ఫ్రాజిలిస్‌లో ఒక రకం విడుదల చేసే విషం, ఈ-క్యాడ్హెరిన్ కణం బయటికి చాచిన భాగం తెగిపోయేలా చేస్తుంది. నోటి చిగుళ్ల జబ్బులో కనిపించే ఫ్యూసోబ్యాక్టీరియం న్యూక్లియేటమ్ పెద్దపేగు గడ్డల్లో ఎక్కువగా ఉంటోందని 2012లో రెండు బృందాలు గుర్తించాయి. మరుసటి ఏడాదే దాని ఫాడ్ఏ అనే ప్రొటీన్ నేరుగా ఈ-క్యాడ్హెరిన్‌ను పట్టుకుని, లోపల బీటా-కెటెనిన్ కబురును రేపుతుందని తేలింది. అలాగని చిగుళ్ల జబ్బు ఉన్నవాళ్లంతా హడలిపోనక్కర్లేదు, యాంటీబయాటిక్స్ మింగి క్యాన్సర్‌ను ఆపొచ్చని ఎవరూ నిరూపించలేదు.

రిపోర్టులో వీటి జాడలు

కణం ఎంత చెడినా పుట్టిన ఇంటి కెరటిన్లను చాలావరకు వదులుకోదు. కాలేయంలోనో ఊపిరితిత్తుల్లోనో గడ్డ దొరికి, అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలియనప్పుడు సీకే20 ఉండి సీకే7 లేకపోతే పాథాలజిస్టు పెద్దపేగు వైపు చూస్తారు. ఊపిరితిత్తుల్లోనే పుట్టిన అడినోకార్సినోమా (గ్రంథి కణాల క్యాన్సర్)లో సాధారణంగా దీనికి తిరగేసి ఉంటుంది. మినహాయింపులున్నాయి. కుడివైపు పేగులో, డీఎన్‌ఏ మరమ్మతు లోపంతో వచ్చే గడ్డల్లో సీకే20 లేకపోవచ్చు. అందుకే ఈ ఒక్క వాక్యం చూసి ఇంట్లోవాళ్లు నిర్ణయానికి రాకూడదు, సీకే20 పాజిటివ్ అంటే జబ్బు ముదిరిందని కాదు.

సీఈఏ పరీక్ష చాలా కుటుంబాలకు తెలిసిందే. ఆపరేషన్ తర్వాత కొన్ని నెలలకోసారి రక్తంలో చూసే అంకె. దీన్ని 1965లో మాంట్రియల్‌లో ఫిల్ గోల్డ్, శామ్యూల్ ఫ్రీడ్‌మన్ కనుగొన్నారు. ఇదీ కణాలను అతికించగల ప్రొటీనేనని 1989లో బయటపడింది. ఆరోగ్యంగా ఉన్న పేగు కణంలో కూడా సీఈఏ ఉంటుంది, కాకపోతే మలం వైపున్న అంచు మీద మాత్రమే, రాలినప్పుడు మలంలోనే పోతుంది. క్యాన్సర్ కణానికి పైనా కిందా తేడా పోవడంతో అది అన్ని వైపులా పరుచుకుని రక్తంలోకి చేరుతుంది. ఆ పరీక్ష కొలిచేది ఒకరకంగా కణం దిక్కు కోల్పోవడాన్ని. పొగతాగేవాళ్లలో, కాలేయ జబ్బుల్లో కూడా పెరుగుతుంది కాబట్టి, క్యాన్సర్ ఉందో లేదో తేల్చడానికి ఆరోగ్యవంతులకు ఈ పరీక్ష చేయించడం డబ్బు దండగ. ఒకసారి క్యాన్సర్ అని తేలిన మనిషిలో మళ్లీ వస్తోందా అని కనిపెట్టడానికే దీని విలువంతా.

విమెంటిన్‌కూ ఒక పరీక్ష పుట్టింది. పేగు కణాల్లో ఆ జన్యువు ఎలాగూ పనిచేయదు, క్యాన్సర్‌గా మారినప్పుడు దాని డీఎన్‌ఏ మీద మిథైల్ ముద్రలనే రసాయన గుర్తులు పడతాయి. 2005లో ఇది తెలిశాక, మలంలో ఆ ముద్రలను వెతికే పరీక్షను అమెరికాలో అమ్మారు. తర్వాతి పరీక్షలు వేరే జన్యువులకు మళ్లాయి.

తెలిసినా మందెందుకు లేదు

1997 నుంచీ శత్రువు ఎవరో తెలుసు. అయినా బీటా-కెటెనిన్ మీద పనిచేసే మందు పెద్దపేగు క్యాన్సర్‌కు ఇంకా వాడుకలోకి రాలేదు. కారణాలు ఆ ప్రొటీన్ నిర్మాణంలోనే ఉన్నాయి. ఎంజైముకైతే చిన్న అణువు దూరి కూర్చునే లోతైన చోటు ఉంటుంది. బీటా-కెటెనిన్ ఎంజైము కాదు. పొడవాటి ఉపరితలం మీద ఈ-క్యాడ్హెరిన్, ఏపీసీ, టీసీఎఫ్ దాదాపు ఒకే చోటును పంచుకుని అతుక్కుంటాయి. టీసీఎఫ్‌ను తప్పించబోయి ఈ-క్యాడ్హెరిన్‌ను కూడా విడదీస్తే మంచి కణాల పట్టు పోతుంది. వింట్ కబురును మొదట్లోనే అడ్డుకునే మందులు తయారయ్యాయి, కానీ ఏపీసీ తెగిన కణానికి ఆ కబురు అందినా అందకపోయినా ఒకటే. పైగా పేగు మూలకణాలకూ ఎముకలకూ వింట్ కావాలి. అడ్డుకున్నప్పుడు ఎముకలు పెళుసెక్కడం ప్రయోగాల్లో కనిపించింది.

రొమ్ము, ఊపిరితిత్తుల క్యాన్సర్లలో బాగా వాడే ప్యాక్లిటాక్సెల్ మైక్రోట్యూబుల్స్‌ను బిగదీసి పనిచేస్తుంది. పెద్దపేగులో దానివల్ల చెప్పుకోదగ్గ లాభం కనిపించలేదు. అందుకే ఇక్కడ కీమో అంటే 5-ఎఫ్‌యూ, ఆక్సాలిప్లాటిన్, ఇరినోటికాన్ల చుట్టూనే తిరుగుతుంది. పక్కింటివాళ్లకు ఇచ్చిన మందు మనకెందుకివ్వలేదని అడిగేవాళ్లకు జవాబులో ఇదొక భాగం.

ఇంత కష్టమైనా పరిశోధకులు ఈ దారి వదలకపోవడానికి 2015లో వచ్చిన ఒక ప్రయోగం ముఖ్య కారణం. లూకాస్ డౌ, స్కాట్ లోవ్‌ల బృందం ఎలుకల్లో ఏపీసీని అవసరమైనప్పుడు అణచి, అవసరమైనప్పుడు తిరిగి తెప్పించే ఏర్పాటు చేసింది. అణచితే గడ్డలు వచ్చాయి. తిరిగి తెప్పిస్తే కణాలు చావడం కన్నా ముందు బుద్ధి తెచ్చుకున్నట్టు మామూలు పేగు కణాలుగా మారడం మొదలెట్టాయి, గడ్డలు కరిగి క్రిప్టులు మళ్లీ ఏర్పడ్డాయి. రాస్, పీ53 కూడా చెడిన గడ్డల్లోనూ అంతే. మనిషిలో 2843 అమైనో ఆమ్లాల ప్రొటీన్‌ను ప్రతి క్యాన్సర్ కణానికీ తిరిగి చేర్చే ఉపాయం ఇప్పటికి లేదు.

ఉన్న ఉపాయం కొలనోస్కోపీ. ఏపీసీ తెగడం నుంచి క్యాన్సర్ దాకా సాధారణంగా పదేళ్లో అంతకన్నా ఎక్కువో పడుతుంది. ఆ మధ్యకాలమంతా గడ్డ పాలిప్‌గా, వైరుతో కోసి తీసేయగలిగే రూపంలో ఉంటుంది. ఎఫ్‌ఏపీ కుటుంబాల్లో మాత్రం అంత వ్యవధి ఉండదు. తల్లికో తండ్రికో ఆ మ్యుటేషన్ ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం 50 శాతం. కుటుంబంలో ఎవరికీ లేకుండా కొత్తగా మొదలయ్యే కేసులూ దాదాపు నాలుగో వంతు ఉంటాయి. మ్యుటేషన్ వచ్చిన పిల్లలకు 10 నుంచి 15 ఏళ్ల మధ్య నుంచే క్రమం తప్పకుండా పేగు చూస్తారు, పాలిప్‌లు పెరిగాక పెద్దపేగు తీసేస్తారు. కుటుంబంలోని మ్యుటేషన్ ఫలానా అని ముందే తెలిసి, రక్తపరీక్షలో అది తనకు లేదని తేలిన బిడ్డకు ఆ ఏటేటా పరీక్షలు అక్కర్లేదు. అందరిలాగే, అందరికీ చెప్పిన వయసులో చేయించుకుంటే చాలు.